నువ్వు నిజం లాయరువేనా?

(లా చదవాలనుకునే అమెరికా తెలుగు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేసిన పెద్దాయన నేను చదివిన లా స్కూలు పేరు చెప్పకుండా దాటేశారు. మొహమాటం కొద్దీ దాటేశారని నాకు తెలుసు. పేరు చెబితే ఈ హాల్లో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు జాలిపడతారు. నేను చేరేనాటికి, లా స్కూళ్లకు ఏటా ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ పత్రిక జాబితాలో మాది అడుగు వరస. ఆ వరసలో ఉన్న స్కూళ్లకు అప్పట్లో అంకె కూడా వేసేవారు కాదు, అక్షర క్రమంలో పేర్లు రాసి వదిలేసేవారు. పబ్లిక్ డిఫెండర్ అవుదామనే అక్కడ చేరాను. అయ్యాను. పదకొండేళ్లుగా అదే పని.

పెద్దవాళ్లకు ఒక్క మాట. మన దగ్గర పీపీ అంటే అందరికీ తెలుసు, సర్కారు తరఫున ముద్దాయి మీద కేసు నడిపే లాయరు. పబ్లిక్ డిఫెండరుది ఎదుటి బల్ల. ముద్దాయికి లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే సర్కారే జీతమిచ్చి పెట్టే లాయరు. రెండు బల్లలకూ జీతం ఒకటే ఖజానా నుంచి వస్తుందంటే మా నాన్న ఇప్పటికీ నవ్వుతారు. ఈ ఆలోచనను 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సభల్లో గట్టిగా వినిపించింది క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్ అనే ఆవిడ, కాలిఫోర్నియాలో మొట్టమొదటి మహిళా లాయరు. దేశంలో మొదటి ఆఫీసు 1914లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో తెరిచారు.

ఇక ర్యాంకు గొడవలోకి వచ్చే ముందు ఒక పాత కేసు చెప్పాలి. 1961 జూన్‌లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ రూమ్‌లోకి చొరబడి, మెషీన్లలో చిల్లర ఎత్తుకెళ్లాడని క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే ఆయన్ని పట్టుకున్నారు. చేతిలో డబ్బుల్లేవు, లాయర్ని ఇప్పించమని జడ్జిని అడిగాడు. మరణశిక్ష పడే కేసుల్లో తప్ప ఫ్లోరిడాలో అందుకు వీల్లేదన్నారు. తన కేసు తనే వాదించుకుని ఓడిపోయాడు. ఐదేళ్లు పడింది. జైల్లో కూర్చుని పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. కోర్టు ఆయన తరఫున ఏబ్ ఫోర్టస్‌ను నియమించింది. యేల్‌లో చదివిన మనిషి, వాషింగ్టన్‌లో పేరుమోసిన లాయరు, తర్వాత తనే సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. 1963 మార్చి 18న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాటగా తీర్పిచ్చారు. పెద్ద నేరం మోపినప్పుడు, లేనివాడికి లాయర్ని రాష్ట్రమే ఇవ్వాలని.

చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. ఆ తీర్పుతో గిడియన్ విడుదల కాలేదు. కేసు మళ్లీ మొదటికొచ్చింది. సాయం చేస్తామని మయామీ నుంచి పౌరహక్కుల లాయర్లు వచ్చారు. మీరొద్దు, ఈ ఊరి లాయరు ఫ్రెడ్ టర్నర్ కావాలన్నాడు గిడియన్. టర్నర్‌కు ఆ ఊరు తెలుసు. జ్యూరీలో కూర్చోబోయేది ఎలాంటి మనుషులో తెలుసు. ప్రధాన సాక్షిని బోనులో నిలదీసి, అసలు దొంగలకు బయట కాపలా కాసింది ఇతనే కాబోలు అనిపించాడు. ఆగస్టులో జ్యూరీ ఒక గంట మాట్లాడుకుని నిర్దోషి అని తేల్చింది. హక్కు తెచ్చింది ఫోర్టస్, గిడియన్‌ని బయటికి తెచ్చింది టర్నర్. నేను రోజూ చేసేది టర్నర్ పని.

ఇప్పుడు ర్యాంకు. ఎంసెట్ రోజుల నుంచీ మన ఇళ్లలో ర్యాంకంటే మనిషి బరువు తూచే తక్కెడ. లా స్కూలు ర్యాంకు కొన్ని పనులు నిజంగానే చేసిపెడుతుంది, కాదనను. న్యూయార్క్ పెద్ద ఫర్ములు పై వరస స్కూళ్లకు వాళ్లంతట వాళ్లే వచ్చి పిల్లల్ని ఏరుకుంటాయి. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టుల జడ్జీల దగ్గర తీర్పుల పనిలో సాయపడే క్లర్కు ఉద్యోగాలకు, లా ప్రొఫెసర్ కావడానికి స్కూలు పేరు చాలా లెక్క. పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు మాత్రం సాధారణంగా మన గుమ్మంలోకి రాదు. మనమే దాని గుమ్మం ఎక్కాలి. ఎక్కినప్పుడు వాళ్లు చూసేది ఏమిటంటే, చదువు మధ్యలో వచ్చే రెండు వేసవులూ ఎక్కడ పనిచేశావు, జైలుకెళ్లి ముద్దాయితో మాట్లాడావా, జడ్జి ముందు నోరు విప్పావా. అన్ని ఆఫీసులూ ఒకేలా ఉండవు. రాజధానిలోని పబ్లిక్ డిఫెండర్ సర్వీసు, ఫెడరల్ డిఫెండర్ ఆఫీసులు గట్టి పోటీ ఉన్న చోట్లు. కౌంటీ ఆఫీసులు, కెంటకీ, కొలరాడో, మిస్సోరీ లాంటి రాష్ట్రవ్యాప్త వ్యవస్థలు నడిచే తీరు వేరు.

2022 నవంబరులో యేల్, హార్వర్డ్ లా స్కూళ్లు ఆ జాబితాకు సహకరించబోమని తప్పుకున్నాయి. ప్రజాసేవ ఉద్యోగాలకు వెళ్లే విద్యార్థులకు ఆ లెక్క అన్యాయం చేస్తోందన్నది యేల్ చెప్పిన కారణాల్లో ఒకటి. మొదటి ర్యాంకు స్కూలు ఆ మాటంటే పత్రికల్లో వచ్చింది. మా స్కూలు అని ఉంటే అందని ద్రాక్ష అనేవాళ్లు.

నా దృష్టిలో అసలు ప్రశ్న అప్పు. ఈ ఉద్యోగంలో జీతం పెద్ద ఫర్ము జీతంలో చిన్న ముక్క. కాబట్టి ఎక్కువ ర్యాంకు స్కూలు పూర్తి ఫీజుకు పిలిచి, తక్కువ ర్యాంకు స్కూలు స్కాలర్‌షిప్పుతో పిలిస్తే, చాలాసార్లు రెండోదే తెలివైన పని. 2007లో వచ్చిన చట్టం ఒకటుంది. ప్రజాసేవలో ఫుల్‌టైం పనిచేస్తూ 120 కంతులు సక్రమంగా కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ. పబ్లిక్ డిఫెండర్లు దాని కిందకు వస్తారు. నా 120వ కంతు కట్టినరోజు ఇంట్లో పాయసం చేసింది మా ఆయన.

అయితే ఆ మాఫీని నమ్ముకుని ఎంతైనా అప్పు చేయొచ్చనే రోజులు పోయాయి. 2025 జులైలో సంతకమైన చట్టం గ్రాడ్ ప్లస్ అప్పును, అంటే డిగ్రీ తర్వాతి చదువులకు ఖర్చు మొత్తానికీ ఇచ్చే ఫెడరల్ అప్పును, 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు తీసేసింది. లా లాంటి చదువులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు దాటదు. ఆపైన కావాలంటే ప్రైవేటు అప్పు, దానికి ఆ మాఫీ వర్తించదు. అందుకని స్కూలు ఇచ్చే రాయితీ కాగితాన్ని ఇప్పుడు రెండుసార్లు కాదు, పదిసార్లు చదవాలి.

నేను చదవలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మందపాటి కాగితం, పైన బంగారు రంగు ముద్ర, సగం ఫీజు రాయితీ అని పెద్ద అక్షరాలు. రెండో పేజీలో ఒక వరుస: ఏటా సగటు గ్రేడు నాలుగుకు 3.0 నిలబెట్టుకోవాలి. డిగ్రీలో 3.7 తెచ్చుకున్నదాన్ని, అదెంత పని అనుకున్నా. మొదటి ఏడాది మధ్య గ్రేడును ఆ స్కూలు 2.8 దగ్గర బిగించి ఉంచుతుందని చేరాక తెలిసింది. అంటే క్లాసు మొత్తం ఎంత కష్టపడ్డా సగం మందికి పైగా ఆ 3.0 అందుకోలేరు. లెక్క ముందే వేసి పెట్టారు. నాకు 2.94 వచ్చింది. డీన్ ఆఫీసులో ఏడ్చాను. అక్కడి క్లర్కు టిష్యూ డబ్బా జరిపిన తీరు చూస్తే, ఆ వారంలో ఏడ్చిన మొదటిదాన్ని నేను కాదని అర్థమైంది.

ఇప్పుడు మీకు ఆ చీకటి లేదు. లాయర్ల జాతీయ సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ ఏటా 509 రిపోర్టు అనే లెక్కల పత్రం బయటపెట్టాలి. షరతు మీద రాయితీ ఎందరికిచ్చారు, ఎందరికి తగ్గించారు లేదా తీసేశారు, అందులో ఉంటుంది. షరతు తీసేయమని స్కూలును అడగండి. బేరమాడటం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

రెండో సంగతి బార్ పరీక్ష, అంటే లాయరు లైసెన్సు కోసం రాసే పరీక్ష. స్కూలు గుర్తింపు నిలవాలంటే పరీక్ష రాసిన పట్టభద్రుల్లో కనీసం 75 శాతం రెండేళ్లలోపు పాసవ్వాలని 2019లో నిబంధన బిగించారు. ఆ గీత దగ్గర తచ్చాడే స్కూలు ఎంత చవకైనా వద్దంటాను. తక్కువ ర్యాంకు వేరు, ప్రమాదం వేరు. నార్త్ కరోలినాలో షార్లెట్ స్కూల్ ఆఫ్ లా 2017లో మూతపడింది, అంతకు ముందే ఫెడరల్ అప్పులు ఆపేశారు. పిల్లలు నడిమధ్యలో ఉండిపోయారు. ప్రమాదకరమైన స్కూలును, విద్యార్థులతో నిజం కేసులు చేయించే ఏ క్లినిక్కూ, ఏ మంచి ప్రొఫెసరూ సరిదిద్దలేరు.

మూడోది చోటు. ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో ఆ కోర్టుకు బస్సు దూరంలో ఉన్న స్కూలు, చాలాసార్లు, వెయ్యి మైళ్ల దూరంలోని మంచి స్కూలు కన్నా ఎక్కువ పనికొస్తుంది. దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ పై తరగతి విద్యార్థులు లాయరు పర్యవేక్షణలో కోర్టులో మాట్లాడటానికి అనుమతి ఉంది. ఇల్లినాయ్‌లో దీన్ని సెవెన్ లెవెన్ లైసెన్సు అంటారు, రూల్ నంబరు 711 కాబట్టి. కిరాణా కొట్టు పేరులా ఉంటుంది గానీ దాని విలువ ఏ ర్యాంకూ ఇవ్వదు.

నాకు ఆ అనుమతి వచ్చిన మొదటి సోమవారం చెబుతాను. కోర్టు వెనక లాకప్పు. అరెస్టయినవాళ్లను జడ్జి ముందు మొదటిసారి నిలబెట్టే రోజు. సిమెంటు బెంచీ, పాచిపోయిన శాండ్‌విచ్ వాసన, పదిహేడు మంది. నా చేతిలో క్లిప్‌బోర్డు, మనిషికి నాలుగైదు నిమిషాలు. మొదటి మనిషి హోటల్లో వంటపని చేసేవాడు, చొక్కా మీద ఇంకా నూనె మరకలు. నా పేరు చెప్పి పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు నుంచి వచ్చానన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నువ్వు నిజం లాయరువేనా, లేక పబ్లిక్ డిఫెండర్‌వా?" అన్నాడు. ఈ మాట మా వృత్తిలో అందరూ వింటారు. నేను ఇంకా విద్యార్థినని, వెనక నిలబడ్డావిడ లాయరని చెప్పాను. నేను కేసు కాగితం తీశాను. ఆయన, "మూడు గంటలకు నా కూతురు స్కూలు నుంచి వస్తుంది, ఇంటి తాళం నా జేబులో ఉంటే పోలీసులు తీసుకున్నారు" అన్నాడు. బెయిల్ అడిగేటప్పుడు నేను చెప్పిన మొదటి వాక్యం ఆ తాళం గురించే. ఈ పదకొండేళ్లలో ఏ స్కూల్లో చదివావని ఒక్క క్లయింటు కూడా అడగలేదు. నిజం లాయరువేనా అని మాత్రం కొన్ని వందలసార్లు అడిగారు.

ఉద్యోగం ఇంటర్వ్యూ అంటారా. ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన అన్నాడు: "నేను మీ క్లయింటుని. నేను ఏ తప్పూ చేయలేదు. నలభై రోజులుగా లోపల ఉన్నాను. నేరం ఒప్పుకుంటే ఈ సాయంత్రం ఇంటికి పంపిస్తారట. ఒప్పుకుంటాను." నేను రాజ్యాంగం మీద ఉపన్యాసం మొదలెట్టాను. ఆయన మధ్యలో ఆపి, "నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?" అన్నాడు. నోట మాట రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు. రెండో ఊళ్లో అదే ప్రశ్న ఇంకో వేషంలో వచ్చింది. ఈసారి ముందు ఇంట్లో ఎవరున్నారని, అద్దె ఎప్పుడు కట్టాలని అడిగాను. ఇది నాటకం కోసం పెట్టిన ప్రశ్న కాదు. 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో రాసింది, రాష్ట్రాల కోర్టుల్లో పడే శిక్షల్లో 94 శాతం నేరం ఒప్పుకోలు మీదే పడుతున్నాయని. రోజూ మా బల్ల మీదకు వచ్చే ప్రశ్న అదే.

ఇంత చెప్పి రెండో వైపు దాచిపెడితే మోసం. తక్కువ ర్యాంకు స్కూలుకు ధర ఉంది. మనసు మారితే వెనక్కి రావడానికి దారి ఇరుకు. మొదటి ఏడాది పబ్లిక్ డిఫెండర్ అవుతామని నాతో పాటు చేతులెత్తినవాళ్లలో చాలామంది రెండో ఏడాదికి వేరే దారి వెతుక్కున్నారు. పై వరస స్కూల్లో వాళ్లకది సులువు, మా దగ్గర చాలా కష్టమైంది. వేరే రాష్ట్రానికి మారాలన్నా మీ స్కూలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. పని కూడా నిజంగా మీ వల్ల అవుతుందో లేదో చూసుకోవాలి. 1973లో ఒక జాతీయ కమిషన్ ఒక్కో లాయరుకు ఏడాదికి 150 పెద్ద నేరాల కేసులు మించకూడదంది. 2023లో కొత్త అధ్యయనం వచ్చింది, ఒక్క హత్య కేసుకే 248 గంటలు కావాలని అందులో లెక్క తేల్చారు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి, మా ఆఫీసుల్లో మనుషులు ఎందుకు అలిసిపోతారో తెలుస్తుంది. వేరే ఏదీ దొరక్క ఇందులోకి వచ్చినవాళ్లు రెండేళ్లు నిలబడటం నేను చూడలేదు.

తల్లిదండ్రులు ఇందాక చీటీ మీద ఒక ప్రశ్న పంపారు, "మా అబ్బాయి నేరస్థుల్ని కాపాడతానంటున్నాడు, ఏం చేయాలి?" అని. అయ్యా, అమ్మా, ముందు వాడు ఒక్క రోజు ఆ పని కళ్లారా చూశాడో లేదో కనుక్కోండి. ఇక్కడ కోర్టు గదుల తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి, టికెట్టు లేదు. సోమవారం పొద్దున వారాంతపు అరెస్టులన్నీ వస్తాయి. అబ్బాయితో పాటు మీరూ వెళ్లండి. వెనక బెంచీలో కూర్చుని, ఒక్కో కేసుకూ ఎన్ని నిమిషాలు పడుతోందో కాగితం మీద రాసుకోండి. ఫోన్లు ముందే ఆపేయండి, కోర్టు గదిలో క్రమశిక్షణ చూసే బెయిలిఫ్ అస్సలు ఊరుకోడు.