పూలదండతో వెళ్లిన సాయంత్రం

అందరికీ నమస్కారం. మలేసియాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు అడుగుతుంటారు, పక్కింటి మలయ్ కుటుంబంలో ఎవరైనా పోతే మనమేం చేయాలని. నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను.

సెలంగోర్‌లో మా పక్కింటి పెద్దావిడను వీధంతా మాక్ చిక్ అని పిలిచేది. పిన్నిగారూ అన్నట్టు. ఓ రోజు తెల్లవారుజామున వాళ్లాయన పోయారు. ఆఫీసయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. అమెరికా నుంచి కొడుకు దిగేదాకా ఐస్‌బాక్సులో ఉంచే అలవాటు కదా మనది! మల్లెదండ పట్టుకుని వెళ్లేసరికి ఖననం అయిపోయి నాలుగు గంటలైంది. దండ వేయడానికి ఫొటో కూడా లేదు.

అంత త్వరగా ఎలా అయిందంటే, మసీదుల్లో ఖైరాత్ కెమతియాన్ అని ఒక నిధి నడుపుతారు. బతికుండగా అందరూ చందా కడతారు. కబురందగానే గుడ్డ, పాడె, గొయ్యి తవ్వేవాళ్లు, అన్నీ దాంతోనే సమకూరుతాయి. స్నానం మాత్రం సొంతవాళ్లు చేయిస్తేనే మేలంటారు, తండ్రికి కొడుకులు, తల్లికి కూతుళ్లు. మగవాళ్లకు 3 తెల్లగుడ్డలు, ఆడవాళ్లకు 5. వాటి మధ్య కర్పూరం చల్లుతారు. మలయ్‌లో దాని పేరు కాపుర్ బారుస్. బారుస్ సుమత్రా తీరంలో పాత రేవు. కాపుర్‌కీ కర్పూరానికీ చుట్టరికం నేను చెప్పాలా?

తర్వాత ఇంకొకరి ఖననానికి శ్మశానందాకా వెళ్లాను. నన్ను కదిలించింది తల్కీన్. మట్టి కప్పాక ఇమాం సమాధి పక్కన చాప మీద కూర్చుని, పోయిన మనిషినే పిలుస్తాడు. ఫలానా తల్లి బిడ్డా అని, తండ్రి పేరుతో కాదు. దేవదూతలొచ్చి నీ దేవుడెవరు, నీ ప్రవక్త ఎవరు అని అడిగితే తడబడకు, ఇలా చెప్పు అని నేర్పుతాడు. పరీక్షకు వెళ్లే పిల్లాడికి గుమ్మం దగ్గర చెప్పినట్టే ఉంటుంది.

ఆ తర్వాత తొందరేమీ ఉండదు. వరసగా మూడు రాత్రులు, ఆపైన 7, 40, 100వ రోజుల్లో చాలా ఇళ్లలో తహ్లీల్, అంటే పోయినవారి కోసం కలిసి చేసే ప్రార్థన, చదివి భోజనాలు పెడతారు. పెర్లిస్ రాష్ట్రంలో ఈ పట్టింపు తక్కువ. భర్త పోయిన భార్యకు ఇద్దత్, అంటే ఆమె పాటించాల్సిన గడువు, 4 నెలల 10 రోజులు. అన్నాళ్లూ అలంకరణ ఉండదు.

మనం వెళ్లేటప్పుడు సాదా బట్టలు వేసుకుంటే చాలు, కవరులో కొంత డబ్బు ఇవ్వొచ్చు. గొంతెత్తి ఏడవకూడదు, కన్నీళ్లకు అభ్యంతరం లేదు.

నా దండ సంగతి మర్చిపోయాను. మాక్ చిక్ దాన్ని తీసుకుని మనవరాలి చేతికిచ్చారు. పిల్ల దారం తెంపి మల్లెలన్నీ గిన్నెలోకి దూసింది. మర్నాడు వాళ్లబ్బాయి వాటిని సమాధి మీద చల్లి, కూజాతో నీళ్లు పోసి వచ్చాడు.