నైజాం మొత్తానికి ఒక్కటే థియేటర్

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? సరే.

పోయిన ఏడాది ఒక శనివారం రాత్రి. మూడు నెలలుగా వారం వారం చూస్తున్న అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరీస్, చివరి ఎపిసోడ్. మా పిన్ని కొడుకు కూకట్‌పల్లి నుంచి పనిగట్టుకుని వచ్చాడు. మిర్చి బజ్జీలు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. యాప్ దానంతటదే లాగౌట్ అయిపోయి ఉంది. రిమోట్‌తో ఒక్కో అక్షరం నొక్కుకుంటూ పాస్‌వర్డ్ కొట్టేసరికి బజ్జీలు చల్లారాయి. తీరా ఎపిసోడ్ మొదలైతే సబ్‌టైటిల్స్ నాలుగు సెకన్లు ముందు నడుస్తున్నాయి. విలన్ నోరు తెరవకముందే వాడి రహస్యం కింద పడిపోయింది. "ఏంటన్నా, కథ వీళ్లే ముందు చెప్పేస్తున్నారు" అన్నాడు మావాడు. కస్టమర్ కేర్‌కి రాస్తే రెండు రోజులకి జవాబొచ్చింది: యాప్‌లో పోగైన పాత డేటా (cache) క్లియర్ చేసి చూడండి. చేశాను. ఈసారి సబ్‌టైటిల్సే పోయాయి.

ఆ సర్వీసు పేరు చెప్పను. యాప్‌లన్నాక పాడవుతాయి, దానికి నాకు పెద్ద కోపం లేదు. ఒళ్లు మండింది ఆ తర్వాత. చందా ఆపేసి ఇంకోచోట చూద్దామంటే ఇంకోచోటు లేదు. మన దేశంలో ఆ సీరీస్ వాళ్ల దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

ఎందుకలా? సినిమా వాళ్ల ఊళ్లో ఉన్నాం కాబట్టి మనకి తొందరగానే అర్థమవుతుంది. జపాన్‌లో ఒక అనిమేకి సాధారణంగా ఒక్క నిర్మాత ఉండడు. మాంగా, అంటే జపాన్ కామిక్స్, వేసే పబ్లిషరు, టీవీ చానల్, పాటల కంపెనీ, ఆటబొమ్మల కంపెనీ తలా కొంత వేసుకుని కమిటీగా ఏర్పడతారు. బొమ్మలు గీసే స్టూడియోకి చాలాసార్లు అందులో వాటా ఉండదు, చేసిన పనికి డబ్బులిస్తారంతే. విదేశీ హక్కులు అమ్మేది ఆ కమిటీ తరఫున. ఫలానా దేశాలకి, ఫలానా భాషలకి, ఇన్నేళ్లకి అని లెక్క. నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఉత్తరాంధ్ర ఒకరికి అమ్మినట్టే.

తేడా ఒక్కచోట ఉంది. నైజాం హక్కులు ఒక్కరే కొన్నా సినిమా వందల హాళ్లలో ఆడుతుంది. ఇక్కడ ఏసీ పనిచెయ్యకపోతే పక్క హాలుకి పోతాం. ఆ భయంతోనే హాలు వాడు ఏసీ బాగుచేయిస్తాడు. స్ట్రీమింగ్‌లో ఎక్స్‌క్లూజివ్ అంటే నైజాం మొత్తానికి ఒక్కటే థియేటర్. తెర మీద మరకున్నా అక్కడే చూడాలి. మరక తుడవాల్సిన తొందర వాళ్లకేముంటుంది?

అమెరికా అభిమానులు ఈ దెబ్బ మనకంటే ముందే తిన్నారు. 2017 జనవరిలో అమెజాన్ అక్కడ అనిమే స్ట్రైక్ అని మొదలుపెట్టింది. ప్రైమ్‌కి ఏడాదికి 99 డాలర్లు కట్టాక, దాని మీద నెలకి మరో 5 డాలర్లు. టికెట్ కొని లోపలికెళ్తే సీటుకి మళ్లీ డబ్బడిగినట్టు! మంచి సీరీస్‌లు చాలానే ఆ రెండో గోడ వెనక పడ్డాయి. ఏడాది తిరిగేసరికి, 2018 జనవరిలో, దుకాణం కట్టేశారు.

"నెట్‌ఫ్లిక్స్ జైలు" అన్న మాట కూడా అభిమానుల్లో ఉంది. జపాన్‌లో వారం వారం టీవీలో వచ్చేస్తుంటే, బయట దేశాల్లో హక్కులు కొన్న నెట్‌ఫ్లిక్స్ దాన్ని నెలల తరబడి లోపల పెట్టి ఒకేసారి వదిలేది. లిటిల్ విచ్ అకాడెమియా 2017 జనవరిలో జపాన్‌లో మొదలైతే, బయటివాళ్లకి జూన్ ఆఖరున గానీ దక్కలేదు. అన్ని భాషల డబ్బింగులూ తయారై ఒకేసారి రావాలన్నది వాళ్ల పద్ధతి. వాళ్ల వ్యాపారానికి అది సరే. కానీ వారానికో ఎపిసోడ్ చూసి, ఆ తర్వాత ఏడు రోజులు కొట్టుకోవడంలోనే సగం మజా ఉందని ఎవరు చెప్పాలి వాళ్లకి? ఇక సమ్మర్ టైమ్ రెండరింగ్ 2022 ఏప్రిల్‌లో జపాన్‌లో మొదలైంది. డిస్నీ చేతిలో హక్కులుండి కూడా అమెరికా వాళ్లకి 2023 జనవరికి వచ్చింది. ఈలోగా చూడాలనుకున్నవాళ్లు దాన్ని ఎక్కడ చూశారో నేను చెప్పక్కర్లేదు.

కొనుక్కున్న సరుకైనా మిగులుతుందా అంటే, అదీ లేదు. ఫ్యూనిమేషన్, క్రంచీరోల్ రెండూ అనిమే చూపించే సర్వీసులు. ఫ్యూనిమేషన్‌ని అప్పటికే చేతిలో పెట్టుకున్న సోనీ, 2021లో దాదాపు 118 కోట్ల డాలర్లకి క్రంచీరోల్‌ని కొని, రెండింటినీ కలిపింది. 2024 ఏప్రిల్‌లో ఫ్యూనిమేషన్ యాప్ మూతపడింది. డిస్కుతో పాటు వచ్చిన కోడ్ కొట్టి అక్కడ దాచుకున్న డిజిటల్ కాపీలు కొత్త ఇంటికి రాలేదు. ఇల్లు మారేటప్పుడు అటక మీది సామాను వదిలేసినట్టు వదిలేశారు.

సబ్‌టైటిల్స్ దగ్గర కాసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన విషయం. తెర మీద షాపు బోర్డు కనిపిస్తుంది, చేతిలో ఫోన్‌లో మెసేజ్ కనిపిస్తుంది, అదే సమయంలో ఇద్దరు మాట్లాడుకుంటుంటారు. మంచి సబ్‌టైటిల్‌లో బోర్డు అనువాదం బోర్డు పక్కనే, అదే రంగులో, అదే వాలులో ఉంటుంది. దీన్ని టైప్‌సెట్టింగ్ అంటారు. లేకపోతే అన్నీ కిందే ఒకదాని మీద ఒకటి పడి, ఏది మాటో ఏది బోర్డో తెలియదు. ఇరవై ఏళ్ల క్రితం కుర్రాళ్లు పైసా తీసుకోకుండా రాత్రుళ్లు కూర్చుని ఈ పని చేసేవారు. అది దొంగ కాపీయే, కాదనను. పని మాత్రం శ్రద్ధగా ఉండేది. 2025 జూలైలో క్రంచీరోల్‌లో ఒక సీరీస్ జర్మన్ సబ్‌టైటిల్స్‌లో చాట్‌జీపీటీ పేరు యథాతథంగా వచ్చేసింది. అంటే పంపేముందు ఒక్క మనిషి కూడా సరిగ్గా చూడలేదన్నమాట. ఆ అక్టోబర్ సీజన్‌లో కొన్ని ఎపిసోడ్లు ఆలస్యమై, టైప్‌సెట్టింగ్ లేకుండా వస్తే గోల పెద్దదైంది. సిస్టమ్‌లో సమస్య వచ్చిందని సంస్థ సర్దిచెప్పుకుంది.

మన దగ్గర అంతా చీకటే అనను. 2004లో వచ్చిన ఆనిమాక్స్ అనే అనిమే చానల్ 2017లో మూతపడ్డప్పుడు ఇక అయిపోయిందనుకున్నాం. తర్వాత మ్యూస్ ఏషియా అనే పంపిణీ సంస్థ యూట్యూబ్‌లో అనిమేలు ఉచితంగా పెట్టింది. క్రంచీరోల్ 2022లో ఇక్కడ నెల చందాని 79 రూపాయలకి తగ్గించింది. తెలుగు డబ్బింగులొచ్చాయి. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ సినిమా తెలుగులో కూడా థియేటర్లకొచ్చింది. కాబట్టి రేటు ఎక్కువని ఏడిస్తే కళ్లు పోతాయి. కానీ ఏ హక్కు ఏ రాత్రి చేతులు మారుతుందో తెలియదు. నిన్న చూసిన వీడియో ఇవాళ "మీ దేశంలో అందుబాటులో లేదు" అంటుంది. ఇంకోటుంది. వీడియో కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే తాళం ఒకటుంది; కొన్ని చవక ఫోన్లకి దాని ఎల్1 అనే పై స్థాయి రక్షణ ఉండదు. కింది స్థాయి ఎల్3 మాత్రమే ఉంటే చాలా యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు, మసక బొమ్మే వస్తుంది. అదే ఎపిసోడ్ దొంగ సైట్‌లో అదే ఫోన్‌లో తళతళలాడుతుంది. తాళం వేసింది దొంగకి, ఇరుక్కున్నది డబ్బు కట్టినవాడు.

ఎక్స్‌క్లూజివ్ పూర్తిగా తీసెయ్యమనను. ముందే పెద్ద మొత్తం వస్తుందనే కమిటీ వాళ్లు ధైర్యం చేసి ఖర్చుపెడుతున్నారు. నేనడిగేది, ప్రసారమైన మూడు నెలలో ఆరు నెలలో ఒక్కరికిచ్చి, తర్వాత ఎవరు కొంటే వాళ్లకివ్వండి. పాత సీరీస్ మీద ఏళ్ల తరబడి తాళం దేనికి? మనవైపు నుంచి కూడా ఒక పనుంది. "యాప్ చెత్త" అని ఒక స్టార్ కొట్టి ఊరుకోకండి. ఏ ఎపిసోడ్, ఏ నిమిషం, ఏ ఫోన్ అన్నది రాయండి, స్క్రీన్‌షాట్ పెట్టండి. చందా ఆపేటప్పుడు కారణం అడిగే పెట్టె ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకండి.

నా చివరి ఎపిసోడ్ మూడు వారాలకి బాగుపడింది. ఎవరూ చెప్పలేదు, నేనే చూసుకున్నాను. అప్పటికి మా పిన్ని కొడుకు ఎక్కడో చూసేసి, ఎవరు చచ్చారో ఎవరు బతికారో మొత్తం ఫోన్‌లో చెప్పేశాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఎక్కడ చూశాడన్నది మాత్రం అడక్కండి.