గాలికి ఎదురు పోయే పడవ

శ్రోతలకు నమస్కారం. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లినవాళ్లకు, సోమశిల దగ్గర కృష్ణ దాటినవాళ్లకు పడవ కొత్త కాదు. పుట్టిని తెడ్డు నడిపిస్తుంది, లాంచీని ఇంజను నడిపిస్తుంది. మరి ఇంజనూ లేదు, తెడ్డూ లేదు. ఉన్నది ఒక్క తెరచాప. గాలేమో ఎదురుగా కొడుతోంది, పోవాల్సింది ఆ గాలి వచ్చే దిక్కుకే. ఎట్లా పోతారు?

అట్లా పోవడంలో ఆరితేరిన అమ్మాయి ఒకరున్నారు. పేరు నేత్ర కుమనన్, ఊరు చెన్నై. ఒకపక్క మెకానికల్ ఇంజనీరింగ్ చదువు, ఇంకోపక్క సముద్రం. 2020లో మయామిలో జరిగిన సెయిలింగ్, అంటే తెరచాప పడవల పందెం, ప్రపంచ కప్ పోటీలో కాంస్యం గెలిచారు. ఒలింపిక్స్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమే. టోక్యోలో 44 మందిలో 35వ స్థానం, పారిస్ ఒలింపిక్స్‌లో 21వ స్థానం. పతకం రాలేదు గనక మనం పెద్దగా మాట్లాడుకోలేదు. 35 నుంచి 21కి రావడం మామూలు సంగతా? నాకైతే కాదనిపిస్తుంది.

ఆమె పడవను ఇల్కా 6 అంటారు. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, 59 కిలోల బరువు, ఒక్క తెరచాప, ఒక్క మనిషి. పోటీలో అందరి పడవలూ ఒకే కొలత. డబ్బు పోసి మంచి పడవ కొనుక్కొచ్చి గెలుద్దామంటే కుదరదు.

ఇక ఎదురుగాలి సంగతి. సీతాఫలం తింటూ తడి గింజను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. మీరు నొక్కింది పక్కల నుంచి, గింజ దూకింది ముందుకు! పడవకూ అంతే. చాప మీద గాలి ఒక పక్క నుంచి నెడుతుంది. పడవ అడుగున నీళ్లలోకి దిగిన పలక ఒకటుంటుంది, అది పక్కకు జరగనివ్వదు. ఆ రెంటి మధ్య నలిగిన పడవ ముందుకు దూకుతుంది.

అయితే తిన్నగా గాలికి ఎదురు పోవడం కుదరదు. ఇంచుమించు 45 డిగ్రీల వాలుగా కాసేపు కుడికి, కాసేపు ఎడమకు, వంకరటింకరగా పోవాలి. ఎప్పుడు మళ్లాలి? అసలు ఆటంతా అక్కడే ఉంది. గాలి గట్టిగా తగిలిన చోట నీళ్లు నల్లబడతాయి. ఆ మరకను దూరం నుంచే పట్టుకోవాలి. గాలి కాస్త దిక్కు మారితే ఒక వైపు దారి దగ్గరవుతుంది, ఇంకో వైపు దూరమవుతుంది. ఇదంతా చూస్తున్నంతసేపూ పాదాలు పట్టీల కింద దూర్చి, ఒళ్లంతా పడవ బయటికి వాల్చి, పడవ ఒరగకుండా ఆపాలి. లెక్క బుర్రలో, బరువు తొడల మీద!

ఇంకొక్క మాట. ఇంత నేర్చినవాళ్లు కూడా లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలోకి దిగరు. మనం మాత్రం పుట్టి ఎక్కి, జాకెట్ ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగుతాం. తొడుక్కోండి. పట్టీలన్నీ బిగించాక, జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులన్నమాట, చిన్న సైజు అడగండి. పిల్లలకైతే కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా కట్టాలి. అదీ పడవ కదిలాక కాదు, ఒడ్డు మీదే.