బెజవాడ, గుంటూరు సంస్థలు ఒక్కతాటి మీదికి రావాలంటే

వ్యాఖ్యాత: నమస్కారం. మన రెండు ఊళ్లలో నీళ్లు, పోషకాహారం, ఆడపిల్లల చదువు మీద పనిచేసే సంస్థలు చాలానే ఉన్నాయి. ఎవరి పని వాళ్లదే. వీటిని ఒక నెట్‌వర్క్‌గా కలపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్?

అతిథి: రిజిస్ట్రేషన్‌తో మాత్రం వద్దండి. పేరేంటి, లోగో ఏంటి, అధ్యక్షుడెవరు అనుకుంటూ మూడు నెలలు గడిచిపోతాయి. పది పన్నెండు సంస్థలతో ముందు ఒక షీట్ నింపండి. ఏ సంస్థ, ఏ వార్డు, ఏ పని, ఫోన్ ఎత్తే మనిషి ఎవరు. ఒకే కాలనీలో నలుగురున్నారని, పక్కనే కొండ మీది ఇళ్లకు ఒక్కరూ వెళ్లట్లేదని అప్పుడే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 17, వాటి కింద ఉపలక్ష్యాలు 169. ఏది పట్టుకోవాలి?

అతిథి: ఒక్కటే పట్టుకోవాలి. నన్నడిగితే 6.1వ ఉపలక్ష్యం, అంటే 2030 కల్లా అందరికీ సురక్షితమైన తాగునీరు, భరించగలిగే ధరలో. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలింది. 2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు వాగు సింగ్ నగర్‌ని ముంచింది. నీళ్లంటే ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బిందె పట్టుకుని నిలబడేది ఆడవాళ్లు, విరేచనాలతో బడి మానేది పిల్లలు. అందుకే మహిళా సంఘాలూ వస్తాయి, పిల్లల సంస్థలూ వస్తాయి.

వ్యాఖ్యాత: వచ్చి కూర్చున్నాక ఏం చేయాలి?

అతిథి: అందరూ ఒకేలా చేయగలిగే పని పెట్టుకోవాలి. నీళ్లలో మలం కలిసిందేమో చూసే హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసా పరీక్ష అలాంటిదే. సీసాలో గీత దాకా నీళ్లు పట్టి, మూత బిగించి, ఎండ తగలకుండా గదిలో 24 నుంచి 48 గంటలు ఉంచుతారు. నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ఆ నీటిని ల్యాబ్‌కి పంపాలి. క్రిములు చావడానికి నీళ్లలో కలిపే క్లోరిన్ మాత్రం కుళాయి దగ్గరే, అప్పటికప్పుడు చూడాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి.

వ్యాఖ్యాత: ఇందులో తేడా ఎక్కడొస్తుంది?

అతిథి: నీళ్లు పట్టే దగ్గరే వస్తుందండి. ఒకరు కుళాయి నుంచి పడతారు, ఇంకొకరు ఇంట్లో బిందెలోంచి తీస్తారు. బిందె నీళ్లు నల్లబడితే అది పైపు తప్పో, గ్లాసు ముంచిన చేతి తప్పో ఎలా చెబుతాం? రెండూ ఒకే పట్టికలో వేసి నగరపాలక సంస్థకు తీసుకెళ్తే, అక్కడి ఇంజినీరు అడిగే మొదటి ప్రశ్నకే మన దగ్గర జవాబుండదు. టైమూ ముఖ్యమే. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి చుట్టుపక్కల మురుగు లోపలికొస్తుంది. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో పట్టిన సీసా, అరగంటయ్యాక పట్టిన సీసా ఒకటి కావు. ఎప్పుడు పట్టాలో ముందే తేల్చుకుని, ఫారంలో టైముకి ఒక గడి పెట్టండి.

వ్యాఖ్యాత: మరి డబ్బు?

అతిథి: ఇక్కడ చాలామంది పొరపడతారు. పెద్ద సంస్థ విదేశీ గ్రాంటు తెచ్చి చిన్నవాళ్లకు పంచుతుందనుకుంటారు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో అది కుదరదు. తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అందుకని ఎవరి సిబ్బంది జీతాలు వాళ్లే చూసుకోవాలి. నీటి పరీక్ష కిట్లకి మాత్రం దేశీయ నిధుల్లోంచి చందా వేసుకోవాలి. నెలకు 500 రూపాయల చొప్పున పన్నెండు సంస్థలు వేస్తే ఏడాదికి 72,000. ఒక సంస్థ ఖాతాలో ఉంచినా లెక్క విడిగా రాసి, ప్రతి నెలా గ్రూపులో పెట్టాలి.

వ్యాఖ్యాత: మీటింగులు?

అతిథి: నెలకొకటి. ఒకసారి బెజవాడ, ఒకసారి గుంటూరు. ప్రతి సంస్థ నుంచి ఎప్పుడూ అదే మనిషి రావాలి. మనిషి మారితే పోయిన నెల తీర్మానం మళ్లీ మొదటికొస్తుంది.

వ్యాఖ్యాత: రిజిస్ట్రేషన్ ఎప్పుడంటారు?

అతిథి: ఏడాది ఫలితాలు చేతికొచ్చాక. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. కార్యదర్శి పదవి ఏటా వేరే సంస్థకు మారాలని బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో, రాసుకోండి. ఒక సంస్థ ఆఫీసే నెట్‌వర్క్ ఆఫీసైపోతే, మిగతావాళ్లు నాలుగో మీటింగు నుంచి కొత్తగా చేరిన కుర్రాణ్ణి పంపుతారు.