ముందు టు-లెట్ బోర్డు, తర్వాతే వెబ్‌సైట్

అందరికీ నమస్కారం.

క్లాసిఫైడ్స్ వెబ్‌సైట్, అంటే అమ్మకాలు, అద్దెల చిన్న ప్రకటనలు జనం పెట్టుకునే సైట్ ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. సైట్ తయారుచేసే సంగతి రెండు నిమిషాల్లో ముగిస్తాను, ఎందుకంటే అందులో పెద్ద విషయం లేదు. డాట్ ఇన్ పేరు ఏడాదికి మామూలుగా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఏదో ఒక హోస్టింగ్, అంటే సైట్ ఉంచడానికి అద్దె చోటు తీసుకోండి. సైట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఉచితం, దానికి తగిలించుకునే ప్రకటనల ప్లగిన్లు బోలెడు. ఓఎస్‌క్లాస్ అని అచ్చంగా ఈ పనికే తయారైన సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. కోడింగ్ రానివాళ్లు కూడా ఒక ఆదివారం కూర్చుంటే సాయంత్రానికి సైట్ తెరుచుకుంటుంది.

తిరుపతిలో నాది కూడా అలాగే తెరుచుకుంది. కార్లు, బైకులు, ఇళ్లు, ఉద్యోగాలు, పాత ఫర్నిచర్, పశువులు... మొత్తం 22 విభాగాలు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అభిమానం కొద్దీ పుంగనూరు ఆవులకు విడిగా ఒక విభాగం పెట్టాను. నెల తిరిగేసరికి సైట్‌లో ఉన్నవి 9 ప్రకటనలు. అందులో 6 నేను, మా బావమరిది కలిసి పెట్టినవే. ఆవుల విభాగంలోకి ఇవాళ్టిదాకా ఒక్క దూడ కూడా అడుగు పెట్టలేదు.

సరుకు లేని సంతకు కొనేవాడు రాడు, కొనేవాడు లేని సంతకు సరుకు రాదు. ఈ వ్యాపారంలో మొదటి చిక్కు ఇదే. సాఫ్ట్‌వేర్ దీన్ని తీర్చలేదు. ఓఎల్ఎక్స్ 2006లో, క్వికర్ 2008లో మొదలయ్యాయి. వాటి వెనక పెట్టుబడి ఉంది, తర్వాత టీవీలో ప్రకటనలు ఇచ్చుకోగలిగాయి. మన దగ్గర ఉన్నది రెండు కాళ్లు, ఒక స్కూటర్.

ఈ విషయంలో నాకు బుద్ధి చెప్పింది అమెరికాలోని క్లాసిఫైడ్స్ సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ కథ. క్రెయిగ్ న్యూమార్క్ అనే ఆయన 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే కార్యక్రమాల గురించి తెలిసినవాళ్లకు ఈమెయిల్ పంపేవాడు. అంతే. చదివేవాళ్లు పెరిగాక వాళ్లే ఉద్యోగాలు, ఇళ్ల కబుర్లు కూడా అందులో వేయడం మొదలుపెట్టారు. రెండో ఊరు బోస్టన్‌కు వెళ్లింది 2000లో. అంటే ఐదేళ్లు ఒక్క ఊళ్లోనే ఉన్నాడు. నేను మొదటి రోజే చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి అన్నీ మెనూలో పెట్టేశాను!

దాంతో 21 విభాగాలు పీకేశాను. అద్దె ఇళ్లు మాత్రమే మిగిల్చాను. ఊరంతా కూడా కాదు, బాలాజీ కాలనీ, బైరాగిపట్టెడ, కొర్లగుంట, ఈ మూడే. తిరుపతిలో అద్దె ఇంటికి గిరాకీ తగ్గే రోజు ఉండదు కదా. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది, 2015లో ఐఐటీ, ఐజర్ అనే సైన్స్ విద్యాసంస్థ వచ్చాయి. స్విమ్స్ ఆసుపత్రికి రోగుల వెంట వచ్చేవాళ్లు వేరే. వీళ్లలో చాలామంది ఎండలో గేటు గేటుకూ తిరుగుతూ టు-లెట్ బోర్డులు చదువుకుంటూ ఉంటారు. ప్రకటనలు అప్పటికే ఉన్నాయన్నమాట, కాకపోతే అట్టముక్కల మీద ఉన్నాయి.

ఒక నోటుపుస్తకం పట్టుకుని నేనూ తిరిగాను. మొదటి గేటు దగ్గరే ఒక పెద్దమ్మ "ఎవురు నాయనా, బ్రోకరువా?" అంది. కాదమ్మా, డబ్బులేమీ తీసుకోను, ఫోన్లో కనబడేలా పెడతానంటే అనుమానంగా చూసింది. "ఆ బోర్డు ఎప్పటిదో. ఇల్లు ఇచ్చేసి నెలయింది. ఇంగా ఫోన్లు వస్తానే ఉండాయి, తీసే తీరికే లేదు" అంది. ఆ బోర్డు నేనే విప్పి ఇచ్చి వచ్చాను.

ఆ పెద్దమ్మ మాటలోనే నా వ్యాపారం ఉందని అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టింది. మొదటిసారి మీ సైట్ చూసి ఫోన్ చేసినవాడికి "ఇల్లు అయిపోయింది" అని వినబడిందనుకోండి, రెండో ప్రకటనకు చేస్తాడు. అక్కడా అదే మాట వస్తే మళ్లీ మీ సైట్ ముఖం చూడడు. అందుకే నా దగ్గర ప్రతి ప్రకటన 15 రోజులకు దానంతటదే మాయమవుతుంది. మధ్యలో నేనే యజమానికి ఫోన్ చేసి "ఇల్లు ఇంకా ఖాళీయేనా?" అని అడుగుతాను. కొత్త ప్రకటనలు తేవడం కంటే పాతవి తీసేయడానికే నాకు ఎక్కువ టైం పడుతుంది. 200 పాత ప్రకటనల కంటే 30 నిజమైనవి మేలు.

ఓటీపీ సంగతి. ప్రకటన ఇచ్చేవాళ్ల నంబరు సరిచూడాలంటే ఎస్ఎంఎస్ పంపాలి. మన దేశంలో అలా పంపడానికి ముందు టెలికాం కంపెనీల డీఎల్టీ అనే పోర్టల్‌లో సంస్థ పేరు, పంపే మెసేజ్ నమూనా రిజిస్టర్ చేయించుకోవాలి. కొత్తవాళ్లు అక్కడ ఇరుక్కుపోయి టెన్షన్ పడతారు. మొదటి వంద ప్రకటనలకు అదేం అక్కర్లేదు, మీరే ఫోన్ చేసి మాట్లాడండి.

ఇంకొకటి, ప్రాంతం పేరు టైపు చేయమని ఎవరినీ అడగకండి. బైరాగిపట్టెడ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో మా సైట్‌లో ఏడు రకాలుగా రాశారు. వెతికితే ఒకటి దొరికితే ఆరు దొరకవు. పేర్లు మీరే జాబితాగా ఇచ్చి, నొక్కి ఎంచుకోమనండి.

ఇక మోసాల విషయం. ఇల్లు పెట్టిన గంటలోపే యజమానికి ఒక ఫోన్ వస్తుంది. "మిలిటరీలో ఉన్నాను, తిరుపతికి బదిలీ అయింది, ఇల్లు చూడక్కర్లేదు, అడ్వాన్స్ ఇప్పుడే పంపుతా" అని హిందీలో చెబుతాడు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. కొట్టారా, మీ డబ్బే పోతుంది. యూపీఐలో డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అవసరం లేదు. ఈ ఒక్క వాక్యాన్ని ప్రతి ప్రకటన కింద తెలుగులో, పెద్ద అక్షరాల్లో పెట్టాను. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కూడా దాని పక్కనే ఉంది.

మన ఊళ్లో సైట్ పెడితే ఇంకో రకం ప్రకటనలూ వస్తాయి. "మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నాలుగు ఉన్నాయి", "కొండమీద రూమ్ ఇప్పిస్తాం". వచ్చింది వచ్చినట్టే తీసేయండి. దర్శనం టికెట్ ఎవరి పేరున తీస్తే వాళ్లే వెళ్లాలి, చేతులు మారడానికి అది బస్సు టికెట్ కాదు. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం 79వ సెక్షన్ మనలాంటి మధ్యవర్తులకు కొంత రక్షణ ఇస్తుంది, నిజమే. కానీ తప్పని తెలిసి కూడా ఊరుకున్నవాడికి అది అక్కరకు రాదు. ఫిర్యాదులు తీసుకునే మనిషి పేరు, ఆయన్ని సంప్రదించే వివరాలు సైట్‌లో ఉండాలని ఆ చట్టం కింద వచ్చిన 2021 నిబంధనలు చెబుతున్నాయి. నా సైట్‌లో ఆ మనిషిని నేనే. మీ దగ్గరా మొదట్లో మీరే అవుతారు.

"శాకాహారులకు మాత్రమే", "ఫలానా వాళ్లకే ఇస్తాం" అని రాయమనేవాళ్లు కూడా ఉంటారు. నేను కులం పేరు రాయను. దానివల్ల కొన్ని ఇళ్లు పోయాయి, పోనీ.

డబ్బు ఎప్పుడొస్తుందని మీరు అడుగుతారు. ఏడాదిన్నర దాకా నాకు రూపాయి రాలేదు. ఇల్లు అద్దెకిచ్చే మామూలు మనిషి దగ్గర ఇప్పటికీ తీసుకోను. క్రెయిగ్స్‌లిస్ట్ కూడా చాలాకాలం ఎక్కువగా కొన్ని నగరాల్లో ఉద్యోగ ప్రకటనలు ఇచ్చే కంపెనీల దగ్గరే వసూలు చేసింది, మిగతావాళ్లలో చాలామందికి ఉచితం. నాకు హాస్టళ్లవాళ్లు, పీజీలవాళ్లు ఇస్తారు, వాళ్ల పేరు పైన కనబడటానికి. అద్దె అడ్వాన్స్ మాత్రం మీ ఖాతా గుండా పోనివ్వకండి. ఇద్దరి మధ్య డబ్బు మీ చేతిమీదుగా నడిస్తే జీఎస్టీ లెక్కలు వేరుగా ఉంటాయి, తగువులు అంతకంటే వేరుగా ఉంటాయి.

ఇక్కడికి వస్తూ వీధి మొదట్లో ఒక టు-లెట్ బోర్డు చూశాను. అలవాటు కొద్దీ ఫోన్ చేశాను. ఇల్లు ఖాళీగానే ఉందట. రెండు బెడ్‌రూములు, బోరు నీళ్లు, మేడ మీద. ఎవరికైనా కావాలంటే కిందికి దిగాక నన్ను అడగండి, నంబరు ఇస్తాను.