ప్రాక్ ఐఓమెమ్‌లో మీ డివైస్ మెమరీకి సరైన పేరు పెట్టడం

నమస్కారం అండీ. లైనక్స్ డ్రైవర్ రాసేటప్పుడు, డివైస్ రిజిస్టర్లు ఉండే మెమరీ రీజియన్‌కి పేరు ఎలా పెట్టాలో ఇవాళ చూద్దాం. పేరే కదా అని చాలామంది ఏదో ఒకటి రాసేస్తారు. కానీ ఒకే హార్డ్‌వేర్ బ్లాక్ నాలుగుసార్లు ఉన్న చిప్ మీద అడ్రస్‌ల గొడవ వచ్చినప్పుడు మనం ముందు చూసేది ఆ పేరే.

టెర్మినల్ తెరిచాను. క్యాట్, ప్రాక్ ఐఓమెమ్. ఏ అడ్రస్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో కెర్నెల్ చూపించే ఫైల్ ఇది. అన్నీ సున్నాలే వచ్చాయి చూడండి. కంగారేం లేదు, రూట్ కాకపోతే కెర్నెల్ అడ్రస్‌లు దాచేస్తుంది. సుడో పెట్టి మళ్ళీ కొడదాం... ఆ, వచ్చాయి. ఎడమవైపు మొదలు, చివర. కోలన్ తర్వాత ఉన్నది పేరు. ఆ చివరి అడ్రస్ కూడా రీజియన్‌లోదే. అందుకే సైజు కావాలంటే చివర్లోంచి మొదలు తీసేసి ఒకటి కలపాలి. చేత్తో లెక్క వేస్తే ఆ ఒకటి మర్చిపోతారు, రిసోర్స్ సైజ్ ఫంక్షన్ ఉంది, అదే వాడండి.

ఇది రాస్ప్‌బెర్రీ పై 4. ఈ లైన్ పెద్దది చేస్తాను. ఇక్కడ పేరులో రెండు ముక్కలున్నాయి. ఎఫ్ఈ201000 డాట్ సీరియల్, ఆ పక్కన సీరియల్ ఎట్ 7ఈ201000. మొదటిది డివైస్ పేరు, రెండోది రిసోర్స్ పేరు. అంకెలు వేరుగా ఉన్నాయేంటి అంటారా? 7ఈ అనేది డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే వివరణలో, రాసిన బస్ అడ్రస్. ఎఫ్ఈ అనేది సీపీయూకి కనిపించే అడ్రస్. రేంజెస్ ప్రాపర్టీ చూసి కెర్నెల్ ఒకదాన్ని ఇంకోదానికి మారుస్తుంది.

ఇప్పుడు కోడ్. ప్రోబ్‌లో, అంటే డివైస్ దొరికినప్పుడు కెర్నెల్ పిలిచే మన ఫంక్షన్‌లో, ఒక్క లైన్ చాలు, డెవ్ఎమ్ ప్లాట్‌ఫామ్ ఐఓరీమ్యాప్ రిసోర్స్, సున్నా. రిసోర్స్ తీసుకోవడం, రీజియన్ మనదని రాయించుకోవడం, మ్యాప్ చేయడం, మూడూ ఇదే చేస్తుంది. రెండు ముక్కల పేరు కూడా ఇదే అతికిస్తుంది. పాత కెర్నెల్స్‌లో రెండిట్లో ఏదో ఒకటే కనిపించేది. నాలుగు బ్లాకులకీ రిసోర్స్ పేరు ఒకటే అయితే ఏది ఎవరిదో తెలిసేది కాదు. 2020 నుంచి రెండూ కలిపి రాస్తోంది.

ఈ ఫంక్షన్ లోపలికి వెళ్ళి చూద్దాం. విమ్ ఎడిటర్‌లో కంట్రోల్, కుడి బ్రాకెట్. వెనక్కి రావాలంటే కంట్రోల్ టీ. దీనికోసం కెర్నెల్ సోర్స్‌లో ఒకసారి మేక్ ట్యాగ్స్ కొట్టి ఉంచుకోండి. గ్రెప్‌తో వెతకడం కన్నా ఇది చాలా హాయి.

సరే, డివైస్ ట్రీ. మన నోడ్‌లో, అంటే మన డివైస్ వివరాలు ఉన్న చోట, అడ్రస్, సైజు రాసే రెజ్ కింద రెండు రీజియన్లు ఉన్నాయి. రెజ్-నేమ్స్ లేకపోతే రెండిటికీ నోడ్ పేరే వస్తుంది. కాబట్టి రాద్దాం, కంట్రోల్, ఫిఫో. రెజ్‌లో ఏ వరసలో ఉన్నాయో ఇక్కడా అదే వరస. తారుమారైతే కంపైలర్ ఏమీ అనదు, ఫిఫో అనుకుని కంట్రోల్ రిజిస్టర్‌లో రాసేస్తారు. పేర్లు పెట్టాక, కోడ్‌లో సున్నా, ఒకటి అని కాకుండా బైనేమ్ అని ఉన్న ఫంక్షన్‌తో పేరు చెప్పి అడగండి.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. కొన్ని డ్రైవర్లలో, రీజియన్ మనదని రాయించే రిక్వెస్ట్ మెమ్ రీజియన్‌ని మనమే పిలవాల్సి వస్తుంది. అప్పుడు చాలామంది ఇలా రాస్తారు. ఫంక్షన్‌లో 32 బైట్ల బఫర్, దాంట్లోకి ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌తో పేరు, ఆ బఫర్‌ని మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వడం. కంపైల్ అవుతుంది. లోడ్ అవుతుంది. డివైస్ కూడా పనిచేస్తుంది. ఇప్పుడు ఐఓమెమ్ చూడండి. పేరు ఉండాల్సిన చోట పిచ్చి అక్షరాలు.

ఎందుకంటే కెర్నెల్ ఆ పేరుని కాపీ చేసుకోదు. మీరిచ్చిన పాయింటర్‌ని అలాగే దాచుకుంటుంది. ప్రోబ్ అయిపోయింది, స్టాక్ మీద ఆ చోటు ఇంకెవరో వాడేసుకున్నారు, పాయింటర్ మాత్రం అక్కడికే చూపిస్తోంది. మాటల్లో చెప్తే ఇంతే, కానీ రివ్యూలో కళ్ళ ముందే ఉన్నా పట్టుబడదు.

కోడ్‌లో నేరుగా రాసిన స్ట్రింగ్ ఇస్తే పరవాలేదా? మాడ్యూల్ ఉన్నంతవరకు పరవాలేదు. రీజియన్ విడుదల చేయకుండా మాడ్యూల్ తీసేస్తే ఆ స్ట్రింగ్ కూడా పోతుంది. తర్వాత ఎవరో మామూలుగా ఐఓమెమ్ చదివితే అక్కడ కెర్నెల్ ఊప్స్ కొట్టొచ్చు, అంటే లేని మెమరీని ముట్టుకుని ఎర్రర్‌తో పడిపోవచ్చు. మీ మాడ్యూల్ ఎప్పుడో పోయింది కదా, మీ తప్పని ఎవరికీ తట్టదు.

బఫర్ తీసేసి డెవ్ఎమ్ కేఏఎస్‌ప్రింట్ఎఫ్ పెడదాం. ఇది పేరుకి మెమరీ తీసుకుని అందులో రాస్తుంది. డెవ్ఎమ్ అని మొదలయ్యేవాటితో తీసుకున్నవి, డ్రైవర్ డివైస్‌ని వదిలేటప్పుడు వాటంతట అవే విడుదలవుతాయి. ఫార్మాట్‌లో డెవ్ నేమ్, ఖాళీ, మన రీజియన్ పేరు. నల్ వచ్చిందేమో తప్పక చూడండి. నల్ అలాగే వెళ్తే ఐఓమెమ్‌లో పేరు బదులు బ్యాడ్ అని పడుతుంది. వరస కూడా ముఖ్యం. ముందు పేరు, తర్వాత రీజియన్, అదీ డెవ్ఎమ్ రిక్వెస్ట్ మెమ్ రీజియన్‌తో. డెవ్ఎమ్ వాటిని విడుదల చేసేటప్పుడు వెనకనుంచి వస్తుంది కాబట్టి ముందు రీజియన్ పోయి, ఆ తర్వాతే పేరు పోతుంది.

ఇంకొకటి. లోడ్ చేస్తే ఈబిజీ ఎర్రర్, అంటే ఆ రీజియన్ అప్పటికే ఇంకొకరి పేరు మీద ఉందని, వచ్చిందనుకోండి. అది పోవడానికి కొందరు ఉత్త డెవ్ఎమ్ ఐఓరీమ్యాప్‌కి మారిపోతారు. అలా చేయకండి. అది మ్యాప్ చేస్తుందే గానీ రీజియన్ ఎవరిదో చూడదు, ఐఓమెమ్‌లో పేరూ రాయదు. ఎర్రర్ పోతుంది, రెండు డ్రైవర్లు ఒకే రిజిస్టర్ మీద రాయడం మాత్రం మొదలవుతుంది. ముందు ఆ అడ్రస్ ఎవరి పేరు మీద ఉందో ఐఓమెమ్‌లో చూడండి. నిజంగానే ఇద్దరికీ కావాల్సిన రిజిస్టర్లయితే పంచుకునే రిజిస్టర్ల కోసమే ఉన్న సిస్కాన్ ద్వారా, రిజిస్టర్లు చదవడానికీ రాయడానికీ వాడే రెగ్‌మ్యాప్ తీసుకోండి. కాకపోతే ఎవరో రెజ్‌లో సైజు ఎక్కువ రాసి ఉంటారు, అది సరిచేస్తే చాలు.

ఇక పరీక్ష. ఇన్స్‌మాడ్, ఐఓమెమ్... రెండు లైన్లు, కంట్రోల్ ఒకటి, ఫిఫో ఒకటి, ముందు డివైస్ పేరు. ఆర్ఎమ్‌మాడ్, మళ్ళీ ఐఓమెమ్... ఆ రెండు లైన్లూ లేవు. ఇంకోసారి ఇన్స్‌మాడ్, ఈబిజీ రాలేదు. ఈ కోడ్ మొత్తం కింద పెట్టాను, మీ బోర్డు మీద నడిపి చూడండి.