చెక్క నేల వేయించే ముందు గచ్చుని అడగండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఈమధ్య మన కోనసీమలో కొత్తిల్లు కడుతున్నవాళ్లు ఎవరిని పలకరించినా, పడగ్గదికి చెక్క ఫ్లోరింగ్ వేయిద్దామనుకుంటున్నాం అంటున్నారు. మంచి ఆలోచనే. ధనుర్మాసం పొద్దున్నే మంచం దిగితే కాలికి జిల్లుమనదు, గదికి ఒక నిండుతనం వస్తుంది. చెక్క మనకు కొత్తేమీ కాదు కదా, మన మండువా లోగిళ్లలో స్తంభాలు, దూలాలు, అటక బల్లలు అన్నీ చెక్కవే. కాకపోతే ఆ ఇళ్లు కట్టినవాళ్లు చెక్కని పైన ఎంత వాడినా కింద నేలకి మాత్రం గచ్చో రాయో వేసుకున్నారు. ఎందుకో డెల్టాలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాలవలకి నీళ్లు వదిలి, చేలు తడిసి, నాలుగు వానలు పడ్డాయంటే పునాదికి నెమ్ము ఎక్కుతుంది. గోడ అడుగున సున్నం పొట్టులా రాలడం, మూలల్లో ఉప్పు పూసినట్టు తెల్లగా తేలడం మీరందరూ చూసిందే. ఆ నెమ్ము మీద టైలు ఉంటే మనకి తెలియదు, చెక్క ఉంటే మాత్రం అది తాగేస్తుంది.

షాపుకి వెళితే వేరు వేరు సరుకులన్నిటినీ ఒకే మాటలో వుడెన్ ఫ్లోరింగ్ అంటారు, అక్కడ జాగ్రత్త. లామినేట్ అంటే చెక్క పొడిని నొక్కి చేసిన అట్ట మీద చెక్క ఫొటో. వినైల్ అంటే ప్లాస్టిక్. ఇంజినీర్డ్ వుడ్‌కి మాత్రం పైన టేకో, ఓక్ అనే గట్టి చెక్కో, నిజమైన చెక్క పొర ఉంటుంది, దాని కింద ఎక్కువగా ప్లై పొరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టి అతికిస్తారు. చెక్క తేమ పీలిస్తే పొడవున పెద్దగా పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుంది. పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటే ఒకటి ఉబ్బబోయినప్పుడు రెండోది పట్టి ఆపుతుంది. అందుకే ఒంటి చెక్క పలక కంటే ఇది మన వాతావరణాన్ని బాగా తట్టుకుంటుంది. ఎంత తట్టుకున్నా చెక్క చెక్కే.

నమూనా పలక చేతికిచ్చినప్పుడు రంగు తర్వాత చూడొచ్చు, ముందు పక్కకి తిప్పి కోసిన అంచు చూడండి. పైన కనపడే చార అంచు మీదికి కూడా దిగిందా? దిగితే అసలు చెక్క. అంచు దగ్గర ఠక్కున తెగిపోతే అది కాగితం. తర్వాత ఆ పై పొర మందం అడగండి. పలక మొత్తం 15 మిల్లీమీటర్లని గొప్పగా చెబుతారు, పై పొర చూస్తే అర మిల్లీమీటరు కొంచెం దాటుతుంది. మళ్లీ పాలిష్ పెట్టించాలంటే ముందు పైన అరగదీయాలి, అరగదీసిన ప్రతిసారీ కొంత చెక్క పోతుంది, కాబట్టి 3, 4 మిల్లీమీటర్ల పొర ఉంటేనే ఆ ఖర్చుకి అర్థం. ఒక ముక్క అడిగి తెచ్చుకుని రాత్రంతా బకెట్లో నానేయండి. కాస్త ఉబ్బితే ఉబ్బనివ్వండి, పొరలు విడిపోతే మాత్రం ఆ సరుకు వద్దు.

మా అక్కావాళ్లది పాలకొల్లు దగ్గర. వాళ్లు కొన్నది మంచి ఓక్, పై పొర నాలుగు మిల్లీమీటర్లు. కింది పడగ్గదికి కొత్తగా గచ్చు చేయించి నెల తిరక్కుండానే, మే ఎండల్లో, పలకలు బిగించేశారు. ఆగస్టులో అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, గది మధ్యలో చెక్క లేచిపోయిందిరా, తలుపు కూడా పూర్తిగా తెరుచుకోవట్లేదు" అంది. వెళ్లి గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ ఊడదీస్తే పలక గోడకి నొక్కుకుపోయి ఉంది, బ్లేడు దూరే సందు కూడా లేదు. ఒక పలక పైకి లేపాం. అడుగున నల్లటి బూజు, ఆరని గుడ్డల వాసన. అక్క ఏమీ అనకుండా ఆ పలకని ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. సరుకులో లోపం లేదు, అయినా డబ్బంతా పోయింది. ఇవాళ ఇక్కడ కూర్చుని మీకు ఇదంతా చెప్పడానికి ఆ రోజే కారణం.

కాబట్టి ముందు గచ్చుని ఆరనివ్వండి. కాంక్రీటు అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని ఒక లెక్క, వానాకాలంలో ఇంకా ఎక్కువే. ఆరిందో లేదో తెలియాలంటే మీటరు పాలిథీన్ షీటు గచ్చు మీద పరిచి నాలుగు అంచులా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు లోపలి వైపు నీటి చుక్కలు పట్టినా, ఆ మేర గచ్చు నల్లబడినా ఇంకా తడి ఉన్నట్టే. ఈ పరీక్ష ఆగస్టులో చేయండి, మే నెలలో చేస్తే మన నేల అబద్ధం చెబుతుంది. వేసేటప్పుడు పలకల పెట్టెలు ఆ గదిలోనే రెండు మూడు రోజులు ఉంచాలి, కింద పాలిథీన్ షీటు అతుకుల దగ్గర ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరవాలి, గోడల చుట్టూ 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. ఈ సరుకు చేసేవాళ్లు గదిలో గాలి తేమ 35 నుంచి 60 శాతం మధ్య ఉండాలంటారు, మనకి వర్షాకాలంలో 80 దాటడం మామూలే, అందుకని ఆ సందు విషయంలో మొహమాటపడొద్దు. చెదల మందు పునాదిలోనే కొట్టించాలని మీ మేస్త్రికి గుర్తు చేయండి, ప్లైని కూడా అవి తింటాయి.

నా మట్టుకు నేను కింది అంతస్తుకి వద్దనే చెబుతాను. లంక గ్రామాల వాళ్లకైతే మరీను, 2022 జులై వరద ఇంకా ఎవరూ మర్చిపోలేదు. మేడ మీద పడగ్గదికి వేసుకోండి, హాయిగా ఉంటుంది. వంటింటికి వద్దు. శుక్రవారం శుక్రవారం బకెట్టుతో నీళ్లు కొట్టి కడిగే అలవాటు ఆ గది వరకూ మానుకోవాలి, బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. ఇసుక కాళ్లతో లోపలికి రాకుండా గుమ్మం దగ్గర ఒక పట్టా వేయండి.

అక్కావాళ్లు మళ్లీ వేయించుకున్నారు, ఈసారి మేడ మీది గదికి, ఆగస్టులో పాలిథీన్ షీటు పరిచి చూసి, సంక్రాంతి వెళ్లాక. మొన్న ముసురు పట్టిన రోజుల్లో వెళ్లినప్పుడు ఒక మూల స్కర్టింగ్ కాస్త వదులు చేసి చూశాను. సందు సన్నబడింది గానీ నా చిటికెన వేలి గోరు ఇంకా దూరుతోంది.

ఉంటాను, నమస్కారం.